వెయ్యి ప్రైమర్లకు నలభై డాలర్ల హజ్‌మ్యాట్ ఫీజు ఎందుకు కట్టాలి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చాక శని, ఆదివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం అలవాటైంది. 9 ఎంఎం తూటాలకు నెలనెలా అవుతున్న ఖర్చు చూసి, సొంతంగా రీలోడింగ్ (వాడిన తూటాల ఖాళీ తొడుగులను మళ్లీ నింపి తూటాలు తయారుచేసుకోవడం) చేసుకుందామని ప్రెస్ (అందుకు వాడే యంత్రం) కొన్నాను. మొన్న ఆన్‌లైన్‌లో ఒక పౌండు పౌడర్ (తూటాలో మండే మందు), వెయ్యి ప్రైమర్లు (ఆ మందును అంటించే చిన్న మూతలు) కార్ట్‌లో వేస్తే షిప్పింగ్ ఖర్చు కాకుండా విడిగా 40 డాలర్ల హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు) ఫీజు చూపించింది. ఇది దోపిడీ కాదా? ఊరు మారిపోయిన ఒక రేంజ్ మిత్రుడు తన దగ్గర మిగిలిన ప్రైమర్లను మామూలు పోస్టల్ పార్సిల్‌లో పంపిస్తానంటున్నాడు. మా బావమరిది హెచ్-1బీ మీద ఉన్నాడు. అతనికీ ఈ సరదా ఉంది. ఇద్దరం కలిసి పెద్ద ఆర్డర్ పెట్టి చెరిసగం పంచుకుంటే ఫీజు కలిసొస్తుందంటాడు. డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్తున్నాం. అక్కడ షూటింగ్ నేర్చుకుంటున్న మా అన్నయ్య కొడుకు కొంత రీలోడింగ్ సామాను తెమ్మంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు మీ బావమరిది సంగతి తేల్చేద్దాం. ఫీజు దగ్గర లెక్క తప్పితే పోయేది నలభై డాలర్లు. ఇక్కడ లెక్క తప్పితే ఇద్దరి బతుకులూ తలకిందులవుతాయి.

హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చాలామంది మనవాళ్లు "తుపాకీ కొనకూడదు, అంతేగా" అనుకుంటారు. అంతటితో అయిపోదు. ఆ చట్టంలో అమ్యునిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసులు (ఇత్తడి తొడుగులు), ప్రైమర్లు, బుల్లెట్లు (తూటా నుంచి దూసుకెళ్లే లోహపు ముక్కలు), పౌడర్, వీటిలో ఏదైనా అమ్యునిషన్ కిందికే వస్తుంది. అంటే మీ బావమరిది తన వాటాగా తీసుకెళ్లే వెయ్యి ప్రైమర్ల పెట్టె, చట్టం దృష్టిలో వెయ్యి తూటాలు తీసుకెళ్లినట్టే. 2022లో చేసిన సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. అతనికి అనుమతి లేదని తెలిసి ఇచ్చినందుకు మీ మీద కూడా కేసు పెట్టవచ్చు. తుపాకుల కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లను కూడా డిపోర్ట్ చేయవచ్చు.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనవాళ్లకు పనికొచ్చేది ఒకటే: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. అది తీసుకోవడం కష్టమేమీ కాదు. అయినా వీసా మీద ఉన్న మనిషి ఒకసారి ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే ఆ దారిలో అడుగు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. లైసెన్స్ లేకపోతే రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా తప్పే. అతను మీ ఇంట్లోనే ఉంటున్నట్లయితే మీ సామానంతా తాళం వేసిన అలమరలో పెట్టి, ఆ తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. బావమరిదికి "కాదు" అని చెప్పడం ఇంట్లో ఎంత ఇబ్బందో నాకు తెలుసు. ఈ పేరా చూపించండి, తప్పు నామీద వేయండి.

ఇప్పుడు ఫీజు సంగతి. మీ కోపంలో న్యాయమైన ప్రశ్న ఒకటుంది. షాపులో తయారుచేసిన తూటాలు ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు మీకెప్పుడూ ఈ ఫీజు పడి ఉండదు. అందులో ఉండేదీ ఇదే పౌడర్, ఇదే ప్రైమర్. మరి విడిగా కొంటే ఎందుకు?

తూటాలో ప్రైమర్, పౌడర్ ఇత్తడి కేసులో బందీగా ఉంటాయి. పెట్టెకు నిప్పంటుకున్నా ఒక్కొక్కటీ విడివిడిగా పేలుతుంది, పెట్టె దాటి పెద్దగా ఏమీ చేయదు. అందుకే వాటికి అమెరికా రవాణా శాఖ "లిమిటెడ్ క్వాంటిటీ" అనే వెసులుబాటు ఇచ్చింది. 2020 చివరిదాకా పెట్టెల మీద కనిపించిన ఓఆర్ఎం-డి ముద్ర స్థానంలో వచ్చిందే ఇది. విడి ప్రైమర్లకు ఆ వెసులుబాటు లేదు. వాటిని 1.4ఎస్ తరగతి పేలుడు పదార్థంగానే పంపాలి. పెట్టె మీద నారింజ రంగు వజ్రాకారపు లేబుల్ ఉండేది అందుకే. పౌడర్ కథ వేరు. స్మోక్‌లెస్ పౌడర్ నిజానికి పేలుడు పదార్థాల జాబితాలోదే. చిల్లరగా కొనుక్కునే వాళ్ల కోసం ఒక వాహనంలో 100 పౌండ్లకు మించకుండా, లోపలి డబ్బా ఒక్కోటి 8 పౌండ్లకు మించకుండా ఉంటే దాన్ని "మండే ఘనపదార్థం" కింద పంపనిస్తారు. మీకు షాపుల్లో కనిపించే అతి పెద్ద డబ్బా 8 పౌండ్లదే ఎందుకైందంటే ఈ నిబంధన వల్లే. దాని మీద ఎరుపు, తెలుపు నిలువు చారల లేబుల్ అంటిస్తారు.

ఈ రెండు లేబుళ్లలో ఏది అంటించాలన్నా, పెట్టె కట్టే ఉద్యోగికి ప్రమాదకర సరుకుల శిక్షణ ఉండాలి. ఆ శిక్షణ మూడేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. పెట్టెతో పాటు సరుకు వివరాలు, ఎమర్జెన్సీ ఫోన్ నంబరు ఉన్న కాగితాలు వెళ్లాలి. యూపీఎస్, ఫెడెక్స్ లాంటి సంస్థలు ముందే ఒప్పందం చేసుకున్న షాపుల నుంచి మాత్రమే ఈ పెట్టెలు తీసుకుంటాయి, రోడ్డు మార్గాన పంపుతాయి, ఒక్కో పెట్టెకు అదనపు చార్జీ వేస్తాయి. మీ కార్ట్‌లో కనిపించిన 40 డాలర్లలో చాలావరకు అదే. షాపును బట్టి ఇది 20 నుంచి 50 డాలర్ల దాకా ఉండటం మామూలే. "హజ్‌మ్యాట్ ఫ్రీ" అని ప్రకటించే రోజుల్లో కూడా క్యారియర్ తన చార్జీ మానుకోదు. షాపువాళ్లు భరిస్తారు, లేదా ప్రైమర్ ధరలో కలిపేస్తారు. అందుకే ప్రకటన చూసి తొందరపడకండి, టాక్సుతో సహా చెకౌట్ చివర వచ్చే మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

కాబట్టి దోపిడీ అని నేననను. కానీ వెయ్యి ప్రైమర్లు, ఒక పౌండు పౌడర్ కోసం ఆ ఫీజు కట్టడం మాత్రం శుద్ధ దండగ. ఇది ఆటో మాట్లాడుకున్నట్టే, ఒకరు ఎక్కినా ముగ్గురు ఎక్కినా బాడుగ అంతే. ఫీజు పడేది సరుకు మీద కాదు, పెట్టె మీద. ప్రైమర్లు, పౌడర్ కలిపి దాదాపు 50 పౌండ్ల దాకా ఒకే ఫీజు కింద పంపే షాపులు చాలా ఉన్నాయి. కొన్ని షాపులకు రెండు గోదాములుంటాయి. ప్రైమర్లు ఒక చోటి నుంచి, పౌడర్ ఇంకో చోటి నుంచి బయల్దేరితే రెండు ఫీజులు పడతాయి. డబ్బు కట్టే ముందు ఆ ఒక్కటీ చూసుకోండి.

లెక్క వేసి చూద్దాం. ఈ ధరలు లెక్క కోసం నేను అనుకున్నవి, మీ ఊళ్లో ధరలు వేసుకుని మళ్లీ చూడండి. ఆన్‌లైన్‌లో వెయ్యి ప్రైమర్లు 70 డాలర్లు, పౌండు పౌడర్ 38. మీ ఊరి షాపులో అవే 85, 45. వెయ్యి ప్రైమర్లు, ఒక పౌండు తీసుకుంటే ఊళ్లో 22 డాలర్లు ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఫీజే 40. అంటే హాయిగా ఊళ్లోనే కొనుక్కోవచ్చు. అదే 5,000 ప్రైమర్లు, 4 పౌండ్ల పౌడర్ అనుకోండి. ఊళ్లో 103 డాలర్లు ఎక్కువవుతుంది. ఫీజు పోను ఆన్‌లైన్‌లో 63 మిగులుతుంది, అందులోంచి మామూలు షిప్పింగ్ పోతుంది. ఒక్కో తూటా మీద చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వెయ్యికి 40 డాలర్లంటే తూటాకు 4 సెంట్లు. ఐదు వేలకైతే ఒక సెంటు కూడా కాదు. 9 ఎంఎంలో రీలోడింగ్ వల్ల మిగిలేదే తూటాకు కొద్ది సెంట్లు. అందులో 4 సెంట్లు ఫీజుకే పోతే మీరు ప్రెస్ ముందు కూర్చునే సాయంత్రాలకు విలువ లేకుండా పోతుంది.

పౌడర్ ఎంత కావాలో కూడా ఇలాగే అంచనా వేసుకోవచ్చు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. తూటాకు 5 గ్రెయిన్లు పడుతుందనుకుంటే పౌండుకు 1,400 తూటాలు. ఇది కొనుగోలు లెక్క మాత్రమే. తూటాలో ఎంత వేయాలన్నది మీ పౌడర్ కంపెనీ ప్రచురించిన లోడ్ డేటా చూసే వేయాలి, నా మాట మీదా వద్దు, రేంజ్‌లో పక్కాయన మాట మీదా వద్దు.

బుల్లెట్లు, ఖాళీ బ్రాస్‌లకు (ఇత్తడి కేసులకు) హజ్‌మ్యాట్ ఫీజు పడదు. అవి ఉత్త లోహం. 124 గ్రెయిన్ల బుల్లెట్లు వెయ్యి తూస్తే దాదాపు 18 పౌండ్లు వస్తాయి. వాటిని ఈ ఆర్డర్‌లో కలపకుండా, పోస్టల్ వాళ్ల ఫ్లాట్ రేట్ పెట్టెల్లో పంపే షాపు నుంచి విడిగా తెప్పించుకుంటే కలిసొస్తుంది. ఆ పెట్టెలకు దేశంలో 70 పౌండ్ల దాకా బరువుతో సంబంధం లేకుండా ఒకటే రేటు. ఇంకోటి, ప్రైమర్ బిగించిన కేసులు కూడా తూటాల్లాగే లిమిటెడ్ క్వాంటిటీ వెసులుబాటులోకి వస్తాయి. అందుకే వాటిని హజ్‌మ్యాట్ ఫీజు లేకుండా అమ్మే షాపులున్నాయి. 9 ఎంఎం వాళ్లకు అది గిట్టుబాటు కాదు, రేంజ్‌లో ఏరుకున్న బ్రాస్ మీకు ఉండనే ఉంటుంది. రైఫిల్ మొదలుపెడితే గుర్తు పెట్టుకోండి.

మీ మిత్రుడి పోస్టల్ పార్సిల్ సంగతికొస్తే, వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ప్రైమర్లు, పౌడర్, తూటాలు అమెరికా పోస్టులో పంపడం పూర్తిగా నిషేధం. లోపలి సరుకు పేరు రాసి పంపినా, రాయకుండా పంపినా అంతే. ప్రైవేటు కొరియర్‌లో "మెషిన్ పార్ట్స్" అని రాసి పంపినా ప్రమాదకర సరుకును దాచి పంపిన నేరం అవుతుంది. సివిల్ జరిమానాయే ఒక్కో ఉల్లంఘనకు సుమారు లక్ష డాలర్ల దాకా ఉంది, కావాలని చేశారని తేలితే జైలు కూడా. ఈ జరిమానాలు పక్కన పెట్టినా, ఆ పార్సిల్ మిగతా ఉత్తరాలతో పాటు విమానం ఎక్కవచ్చు. లోపల ఏముందో తెలియని మనిషి దాన్ని గిరాటేయవచ్చు. లేబుల్ ఉన్నది ఆ మనిషి కోసమే. నలభై డాలర్లు మిగుల్చుకోవడానికి ఆ మనిషిని ప్రమాదంలో పెట్టే హక్కు మనకు లేదు. మీ మిత్రుడు మళ్లీ డాలస్ వచ్చినప్పుడు తన కారులో, ఫ్యాక్టరీ పెట్టెలోనే తెచ్చి మీ చేతికి ఇస్తే అది వేరే సంగతి.

పెట్టె నింపండి అన్నాను కదా అని గ్యారేజ్ నింపేయకండి. నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వాళ్ల 495వ నంబరు ప్రమాణం ప్రకారం ఇంట్లో ఉంచుకోదగ్గవి 10,000 ప్రైమర్లు, 20 పౌండ్ల స్మోక్‌లెస్ పౌడర్. పౌడర్ 20 దాటి 50 పౌండ్ల లోపు ఉంటే అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టెలోనో అలమరలోనో పెట్టాలి. మీ సిటీ ఫైర్ కోడ్‌లో ఇంతకంటే తక్కువ ఉంటే అదే మీకు వర్తిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు తీసి చదవండి, పేలుడు, మండే పదార్థాలు ఉంచకూడదని రాసి ఉండవచ్చు. నేను చెప్పిన 5,000 ప్రైమర్లు, 4 పౌండ్లు ఈ పరిమితుల్లో నిక్షేపంగా ఇమిడిపోతాయి.

ప్రైమర్ పెట్టె విప్పి చూస్తే, వందేసి ప్రైమర్లు పట్టే ట్రేలో ఒక్కోదానికి ఒక్కో గుంట ఉంటుంది. అలా దూరంగా పేర్చింది ఒకటి పేలితే పక్కది అంటుకోకూడదని. చోటు కలిసొస్తుందని వాటన్నిటినీ ఏ హార్లిక్స్ సీసాలోనో పోసే వాళ్లున్నారు. ఆ సీసా చేయిజారితే ఏమవుతుందో ఊహించుకోవడానికే భయం వేస్తుంది. ట్రేలో వచ్చినవి ట్రేలోనే ఉండాలి. పౌడర్ కూడా తను వచ్చిన డబ్బాలోనే ఉండాలి. గట్టిగా మూసుకునే ఇనుప డబ్బాలో పెడితే మంటల్లో అదే బాంబులా పేలుతుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే చీలిపోయి లోపలిది మండిపోతుందంతే. టెక్సస్ ఎండాకాలంలో గ్యారేజ్ ఎలా కాగిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. పౌడర్‌కి వేడి పడదు. ఇంటి లోపల, పిల్లలకు అందని, చల్లని గదిలో పెట్టండి. డబ్బా మూత తీస్తే ఘాటైన యాసిడ్ వాసన గానీ, ఎర్రటి గోధుమరంగు పొడి గానీ కనిపిస్తే అది పాడైనట్టు. ఇక దాన్ని వాడకూడదు.

మిగతా మిత్రులతో కలిసి ఆర్డర్ పెట్టవచ్చా అని మీరు అడగలేదు గానీ, బావమరిది పక్కకు తప్పుకున్నాక వచ్చే ప్రశ్న అదే. సిటిజన్లు, గ్రీన్ కార్డ్ వాళ్లు, చట్టపరంగా ఏ అడ్డూ లేనివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకోవచ్చు. ఎవరి పేర ఆర్డర్ ఉందో వాళ్లింట్లో ఒక్క రాత్రి ఉన్నా పైన చెప్పిన పరిమితులు దాటకూడదు. లాభం వేసుకోకుండా, కొన్న ధరకే పంచుకోండి. తయారుచేసిన తూటాలు అమ్మే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు, దానికి ఫెడరల్ లైసెన్స్ కావాలి.

ఆర్డర్ నొక్కే ముందు ప్రైమర్ రకం రెండుసార్లు చదవండి. స్మాల్ పిస్టల్, స్మాల్ రైఫిల్ ప్రైమర్ల వ్యాసం ఒకటే, 0.175 అంగుళం. కంటితో చూస్తే తేడా తెలియదు. రైఫిల్‌ది గట్టి రేకు, పని చేసే తీరు వేరు. తప్పు రకం వస్తే తిరిగి పంపడం కుదరదు, ఎందుకంటే పంపేవాడిగా అప్పుడు మీకే ఆ శిక్షణ, ఆ ఒప్పందం ఉండాలి. అందుకే చాలా షాపులు పౌడర్, ప్రైమర్లు వాపసు తీసుకోవు. పెట్టె వచ్చే రోజు పెద్దవాళ్లెవరైనా సంతకం పెట్టడానికి ఇంట్లో ఉండేలా చూసుకోండి.

ఇక హైదరాబాద్ ప్రయాణం. మీ అన్నయ్య కొడుక్కి ప్రైమర్లు, పౌడర్ తీసుకెళ్లడం కుదరదు. చెక్-ఇన్ బ్యాగులో గానీ చేతి బ్యాగులో గానీ అవి విమానం ఎక్కకూడదు. ఇండియాలో దిగాక ఆయుధ చట్టం 1959 ఉంది, లైసెన్స్ లేకుండా అమ్యునిషన్ తేవడం నేరం. బుల్లెట్లు, బ్రాస్ "ఉత్త లోహమే కదా" అని పెట్టెలో సర్దకండి. షిప్పింగ్ ఫీజు విషయంలో అవి ఉత్త లోహం, కస్టమ్స్ వాళ్ల ముందు కావు. అతనికి కావలసింది తన క్లబ్ ద్వారా, తన లైసెన్స్ మీదే సమకూర్చుకోవాలి. అది మీరు సాయం చేయగలిగే చోటు కాదు.

మీరు రేంజ్‌కి వాడే బ్యాగు ప్రయాణానికి అసలు వాడకండి. శంషాబాద్‌లోనూ మిగతా విమానాశ్రయాల్లోనూ బ్యాగు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా వల్ల విమానం తప్పిపోయి, పోలీస్ స్టేషన్‌కి వెళ్లిన వాళ్ల వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. తెలియక ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకుని బయటపడ్డవాళ్లున్నారు. కానీ అప్పటికి సెలవంతా అయిపోతుంది, లాయరు ఫీజు మిగులుతుంది. కొత్త సూట్‌కేస్ తీయండి. రేంజ్‌కి వేసుకెళ్లే జాకెట్ జేబులు, ప్యాంటు మడతలు కూడా తిరగేసి చూడండి, పక్కవాడి తుపాకీ నుంచి ఎగిరొచ్చిన ఖాళీ కేసు అందులో దాక్కుని ఉండే అవకాశం ఎక్కువ.